డ్రైవర్‌లో అన్‌యూజ్డ్ వేరియబుల్ వార్నింగ్, లైన్ తీసేయొచ్చా?

ప్రశ్న: లినక్స్ డ్రైవర్ ఒకటి డబ్ల్యూ=1 (అదనపు వార్నింగ్‌లు చూపించే ఆప్షన్) పెట్టి బిల్డ్ చేస్తే స్టేటస్ అనే వేరియబుల్‌లో వాల్యూ పెట్టారు గానీ ఎక్కడా వాడలేదని వార్నింగ్ వస్తోంది, అది రీడ్‌ఎల్ ఫంక్షన్‌తో చిప్‌లోని రిజిస్టర్ చదివే లైన్, మొత్తం లేపేయొచ్చా అండి?

జవాబు 1: వద్దండి! కొన్ని చిప్‌లలో ఆ రిజిస్టర్ చదివితేనే ఇంటరప్ట్ (చిప్ ప్రాసెసర్‌కి పంపే సిగ్నల్) క్లియర్ అవుతుంది. వేరియబుల్ తీసేసి రీడ్‌ఎల్ కాల్ ఒక్కటే ఉంచండి, పైన ఎందుకో కామెంట్ రాయండి. నేనోసారి లైనంతా తీసేస్తే ఇంటరప్ట్‌లు ఆగకుండా వస్తూనే ఉన్నాయి, కారణం దొరకడానికి రెండ్రోజులు పట్టింది.

జవాబు 2: అదే వేరియబుల్‌లో ఉన్నది రిటర్న్ కోడ్ (ఫంక్షన్ పని అయిందో లేదో చెప్పే వాల్యూ) అయితే మాత్రం వార్నింగ్ నోరు మూయించకండి, ఎర్రర్ చెక్ మర్చిపోయారన్నమాట. వేరియబుల్‌ని ఇఫ్‌డెఫ్ (కాన్ఫిగ్‌ని బట్టి కోడ్‌ని కంపైల్‌లో ఉంచే లేదా తీసేసే డైరెక్టివ్) లోపలే వాడేదైతే, ఈజ్ ఎనేబుల్డ్ (కాన్ఫిగ్ ఆప్షన్ ఆన్‌లో ఉందో చెప్పే మాక్రో) తో మామూలు ఇఫ్ రాయండి, కుదరకపోతేనే మేబీ అన్‌యూజ్డ్ (వాడకపోయినా వార్నింగ్ వద్దని కంపైలర్‌కి చెప్పే గుర్తు) పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: డేటాషీట్ చూశా, చదివితే క్లియర్ అయ్యే రిజిస్టరే అండి! కాల్ ఉంచేశా, చాలా థాంక్స్.