కొత్త 911 జీటీఎస్‌లో హైబ్రిడ్‌: పనికొచ్చే మార్పా, అంకెల కోసం మోసే బరువా?

ఫ్లాట్‌సిక్స్‌

2024లో పోర్షా తెచ్చిన కొత్త 911 కరెరా జీటీఎస్‌ (కంపెనీ వరసలో 992.2) గురించి తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. కారు వివరాలు తెలియనివాళ్ల కోసం ముందు అవి చెప్తాను.

పాత జీటీఎస్‌లో 3.0 లీటర్ల ఇంజిన్‌, రెండు టర్బోలు (ఎగ్జాస్ట్‌ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెట్టేవి), 480 పీఎస్‌ (హార్స్‌పవర్‌ లాంటి కొలత). కొత్తదాంట్లో 3.6 లీటర్ల ఇంజిన్‌, ఒకటే టర్బో. ఆ టర్బో ఇరుసు మీదే కరెంటు మోటారు కూర్చుంటుంది. 8 గేర్ల పీడీకే (క్లచ్‌ పెడల్‌ లేని పోర్షా ఆటోమేటిక్‌) గేర్‌బాక్సు లోపల ఇంకో మోటారు ఉంది, దాని శక్తి 40 కిలోవాట్లు. కారు ముందు భాగంలో 1.9 కిలోవాట్‌అవర్ల బ్యాటరీ. అన్నీ కలిపితే 541 పీఎస్‌, 610 న్యూటన్‌మీటర్ల టార్క్‌. సున్నా నుంచి గంటకి 100 కిలోమీటర్లకి 3.0 సెకన్లు పడుతుంది, పాతదానికి 3.4 పట్టేది. బరువు 1,545 కిలోల నుంచి 1,595కి పెరిగింది. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌ నార్డ్‌ష్లైఫె ట్రాక్‌ మీద ఒక చుట్టుకి 7 నిమిషాల 16.934 సెకన్లు, అంటే పాతదానికన్నా 8.7 సెకన్లు తక్కువ.

ఆ 8.7 సెకన్లూ హైబ్రిడ్‌ ఖాతాలో రాసేస్తున్నారు, నా అభ్యంతరం అదే. వెనక టైరు 305 నుంచి 315 అయింది. వెనక చక్రాలు కూడా తిరిగే స్టీరింగ్‌ ఇప్పుడు ప్రతి జీటీఎస్‌కీ కారుతోపాటే వస్తోంది. ముందు బంపర్‌లో తెరుచుకుని మూసుకునే నిలువు రెక్కలు ఒక్కో వైపు ఐదు, అడుగున వాటికి తోడు కదిలే డిఫ్యూజర్లు (కారు కింది గాలిని మళ్లించే పలకలు). ఇంజిన్‌ ఏకంగా 0.6 లీటర్లు పెరిగింది, గేర్‌బాక్సులోని మోటారు లేకుండానే 485 పీఎస్‌ ఇస్తుంది. ఇవన్నీ ఉంచి బ్యాటరీ, మోటార్లు తీసేస్తే ఇంచుమించు అదే సమయం రాదా?

టర్బైన్‌

రాదండీ. మీరు చెప్పిన 485 పీఎస్‌ కూడా ఆ కరెంటు టర్బో ఉండబట్టే వచ్చింది.

పాత పద్ధతి టర్బో ఇంజిన్లు పూర్తి లోడ్‌లో అవసరానికి మించి పెట్రోలు చిమ్మేవి. మిగులు పెట్రోలు ఆవిరవుతూ సిలిండర్లనీ టర్బైన్‌నీ (టర్బోలో ఎగ్జాస్ట్‌తో తిరిగే చక్రాన్ని) చల్లబరిచేది. కొత్త ఇంజిన్‌ మొదటినుంచి చివరిదాకా లామ్డా 1 దగ్గరే నడుస్తుంది, అంటే గాలికి సరిపడా పెట్రోలే తప్ప చుక్క ఎక్కువ ఉండదు. చల్లబరిచే ఆ సాయం పోయాక పాత 3.0 లీటర్ల ఇంజిన్‌లో అంత బూస్ట్‌ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) వాడలేరు. అందుకే బోర్‌ (సిలిండర్‌ వ్యాసం) 91 నుంచి 97 మిల్లీమీటర్లకీ, స్ట్రోక్‌ (పిస్టన్‌ కదిలే దూరం) 76.4 నుంచి 81కీ పెంచారు. పెంచకపోతే ఉన్న శక్తే తగ్గేది.

ఇక టర్బో సంగతి. రెండు చిన్నవాటి బదులు ఒకటే పెట్టాలంటే అది పెద్దదై ఉండాలి. చక్రం వ్యాసం పెరిగితే దాన్ని తిప్పడానికి పట్టే సమయం అంతకు మించి పెరుగుతుంది. 2,000 ఆర్‌పీఎం దగ్గర ఎగ్జాస్ట్‌లో అంత ఊపు ఉండదు. మోటారు సాయం తీసేసి అదే టర్బో ఉంచితే, మలుపులోంచి బయటికొచ్చి కాలు నొక్కాక కారు కదిలేసరికి తిక్క పుడుతుంది. మోటారు ఉంటే ఎగ్జాస్ట్‌ కోసం ఆగకుండా కంప్రెసర్‌ (టర్బోలో గాలి నెట్టే చక్రం) తిరగడం మొదలెడుతుంది.

పై ఆర్‌పీఎంలో కథ తిరగబడుతుంది. మామూలు టర్బోలో మితిమీరిన ఎగ్జాస్ట్‌ని వేస్ట్‌గేట్‌ పక్కకి వదిలేస్తుంది, ఆ శక్తి వృథా. ఇందులో వేస్ట్‌గేటే లేదు. టర్బైన్‌ వేగం హద్దు దాటబోతే మోటారు జనరేటర్‌గా మారి దాన్ని పట్టి ఆపుతుంది, ఆ పనిలో 11 కిలోవాట్ల దాకా కరెంటు పుడుతుంది. అంచేత టర్బోనీ బ్యాటరీనీ విడదీసి చూడడం కుదరదు. ఒకటి తీస్తే రెండోది పనిచేయదు.

మూడోపెడల్‌

టైములు, టార్క్‌ అన్నీ బాగున్నాయి. క్లచ్‌ పెడల్‌ ఏది? పాత జీటీఎస్‌లో 7 గేర్ల మాన్యువల్‌ కావాలంటే దొరికేది. ఇప్పుడు మోటారు పీడీకే కడుపులో ఉంది కాబట్టి మాన్యువల్‌కి దారే లేదు. కావాలంటే 394 పీఎస్‌ కరెరా టీ కొనుక్కో, లేదంటే ట్రాక్‌ కోసం చేసిన 911 జీటీ3కి ఎక్కు అంటున్నారు. మధ్యలో ఉన్న ఆ కారే చాలామందికి కావాల్సింది. 911 నడపడంలో సగం ఆనందం ఎడమకాలిదే, అది పోయాక 0.4 సెకన్లు ఎవరికి?

టర్బైన్‌

ఈ నష్టం నిజమే, నేను కాదనను. కరెరా టీలో 6 గేర్ల మాన్యువల్‌ తప్ప వేరే ఎంపికే పెట్టలేదు, అదొక్కటే ఊరట.

లెక్కలమాస్టారు

బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ నిండిపోతుందని చాలామంది రాస్తున్నారు. అది తప్పు. లెక్క చూడండి.

డ్రైవర్‌తో కలిపి 1,675 కిలోలు అనుకుందాం. 200 నుంచి 100కి ఆపితే పోయే గతిశక్తి 1,940 కిలోజౌళ్లు, అంటే 0.54 కిలోవాట్‌అవర్లు. 1 జీ (భూమ్యాకర్షణ త్వరణమంత) బ్రేకింగ్‌తో దీనికి పట్టేది 2.8 సెకన్లు. మోటారు తన మొత్తం 40 కిలోవాట్లూ వెనక్కి పట్టుకున్నా ఆ 2.8 సెకన్లలో దక్కేది 113 కిలోజౌళ్లే. నూటికి ఆరు పాళ్లు కూడా లేవు. మిగతాదంతా డిస్కుల్లో వేడిగా పోతుంది.

ఇప్పుడు రెండు నిమిషాల లాప్‌ (ట్రాక్‌ చుట్టూ ఒక చుట్టు) ఒకటి ఊహించండి. 70 సెకన్లు పూర్తి థ్రాటిల్‌, 20 సెకన్లు బ్రేకు, 30 సెకన్లు సగం కాలు. థ్రాటిల్‌ ఉన్నంతసేపూ 40 కిలోవాట్లు ఖర్చుపెడితే 0.78 కిలోవాట్‌అవర్లు పోతాయి. రాబడి వైపు టర్బో జనరేటర్‌ గరిష్ఠంగా 0.21, బ్రేకింగ్‌ గరిష్ఠంగా 0.22. లోటు 0.35. సగం కాలు మీద ఉన్న 30 సెకన్లూ ఇంజిన్‌ అదనంగా పనిచేసి మోటారుని 40 కిలోవాట్లతో జనరేటర్‌గా తిప్పినా వచ్చేది 0.33. నేను రాసినవన్నీ పైహద్దులు, నిజంలో ఇంకా తగ్గుతాయి. కాబట్టి ప్రతి స్ట్రెయిట్‌ (ట్రాక్‌లో తిన్నగా సాగే భాగం) మొదలు నుంచి చివరిదాకా పూర్తి కరెంటు సాయం లాప్‌ తర్వాత లాప్‌ ఇవ్వడం సాధ్యం కాదు. ఎక్కడో ఒకచోట పొదుపు చేసి తీరాలి.

ఫ్లాట్‌సిక్స్‌

చూశారా మాస్టారూ, నేనన్నదీ అదే కదా! ఒక్క లాప్‌ రికార్డుకి బ్యాటరీ నింపుకుని వెళ్లొచ్చు. 20 నిమిషాల సెషన్‌లో ఆ 541 ఎన్ని లాప్‌లు నిలుస్తుంది?

పిట్‌లేన్‌

మాస్టారి లెక్కలో ఇంకో చిల్లు ఉంది: మలుపు బయటికొచ్చేటప్పుడు టర్బో మోటారు కరెంటు ఇవ్వదు, తింటుంది. కాబట్టి 70 సెకన్లూ 11 కిలోవాట్లు రావు.

ఐనా ఫ్లాట్‌సిక్స్‌ గారూ, మీరు తీసిన ముగింపుతో ఏకీభవించను. మోటారు సాయం విలువ అంతటా ఒకేలా ఉండదు. 90తో మలుపు దాటాక మొదటి నాలుగైదు సెకన్లలో దొరికిన వేగం ఆ స్ట్రెయిట్‌ పొడవునా మీతోనే వస్తుంది. స్ట్రెయిట్‌ చివర 240 దగ్గర అదే 40 కిలోవాట్లు ఇస్తే గాలితో పోరాడడానికే సరి, వెంటనే బ్రేకు కూడా వేసేస్తాం. 70 సెకన్లలో మొదటి సగమే వాడితే ఖర్చు 0.39, అప్పుడు లెక్క కుదురుతుంది. నార్డ్‌ష్లైఫె లాప్‌ ఏడు నిమిషాలు దాటుతుంది. ఒక్కసారి నింపిన 1.9తో, అందులోనూ వాడుకోదగ్గ భాగంతో, మోటారు అంతసేపు బతకాలంటే దారిలో సంపాదించుకోవాల్సిందే.

అనుమానం ఉన్నవాళ్లు ట్రాక్‌ మీద తేల్చుకోవచ్చు. 10 హెర్ట్జ్‌ (సెకనుకి పదిసార్లు) లేదా అంతకన్నా వేగంగా కారు వేగాన్ని రాసే జీపీఎస్‌ లాగర్‌ పెట్టండి. ఒకే స్ట్రెయిట్‌ తీసుకుని రెండో లాప్‌నీ ఎనిమిదో లాప్‌నీ పోల్చండి, కానీ మలుపు బయట వేగం రెండింట్లోనూ ఒకటే ఉండాలి. త్వరణం గీత మొదట్లో సమానంగా ఉండి చివర్లో తగ్గితే అది కరెంటు పొదుపు. మొదటినుంచీ గీత మొత్తం కిందికి జారితే లోపలికి పోయే గాలి వేడెక్కిందనుకోవాలి. దాన్ని ఓబీడీలో (కారు కంప్యూటర్‌ అంకెలు చూపే పోర్టు) ఇన్‌టేక్‌ ఉష్ణోగ్రత చూసి నిర్ధారించుకోవచ్చు. టైర్లు జారుతున్నాయేమో కూడా చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు.

మూడోపెడల్‌

50 కిలోల సంగతి ఎవరూ ఎత్తరేం? బ్రేకుల మీద, టైర్ల మీద పడేది అదే కదా.

పిట్‌లేన్‌

పడుతుంది, కాకపోతే మీరనుకున్నంత కాదు. 50 కిలోలంటే 3.2 శాతం, ప్రతి బ్రేకింగ్‌లో వేడి కూడా అంతే పెరుగుతుంది. కొత్త కారు స్ట్రెయిట్‌ చివర 250కి బదులు 255తో వచ్చిందనుకోండి, 100కి ఆపడానికి కరగాల్సిన శక్తి దాదాపు 5 శాతం పెరుగుతుంది. అంటే బ్రేకులకి బరువుకన్నా వేగమే పెద్ద బెడద. ట్రాక్‌కి తీసుకెళ్లేవాళ్లు పాత బ్రేకు ఫ్లూయిడ్‌తో వెళ్లొద్దు. ఏడాది దాటిన ఫ్లూయిడ్‌ గాలిలో తేమ పీల్చుకుని ఉంటుంది, మరిగే స్థాయి పడిపోయి పెడల్‌ మెత్తబడుతుంది. కొత్త డాట్‌ 4 రకం ఫ్లూయిడ్‌ పోసి, నాలుగు కాలిపర్ల (డిస్కుని పట్టే బ్రేకు భాగాలు) నుంచీ గాలి బుడగ లేకుండా బ్లీడ్‌ చేసుకుని వెళ్లాలి.

టైర్లలో గాలి సంగతీ చెప్తాను. 20 డిగ్రీల దగ్గర చల్లటి టైర్‌లో 2.0 బార్‌ పెడితే, టైరు లోపలి గాలి 80 డిగ్రీలకి చేరేసరికి అది 2.6 అవుతుంది. చల్లగా ఉన్నప్పుడే రోడ్డు ప్రెషర్‌ పెట్టుకుని వెళ్తే మూడో లాప్‌కల్లా వెనక టైరు నడిమధ్యన ఉబ్బి, అంచులు రోడ్డుని పట్టడం మానేస్తాయి. 315 టైరు వెడల్పు అంతా వృథా. రెండు మూడు గట్టి లాప్‌ల తర్వాత పిట్‌లోకి వచ్చి, వేడి మీదే కొలిచి గాలి వదలాలి. సెషన్‌ అయ్యాక రోడ్డెక్కే ముందు తిరిగి కొట్టించడం మరవద్దు. చక్రం విప్పితే సెంటర్‌లాక్‌ నట్టు (చక్రం మధ్యలో ఉండే ఒకే నట్టు) 600 న్యూటన్‌మీటర్లకి బిగించాలి, ఒకరు బ్రేకు నొక్కి పట్టుకోవాలి. మామూలు టార్క్‌ రెంచి అంతదూరం పోదు.

రెంచి

చేతులతో పనిచేసేవాళ్లకి ఒక హెచ్చరిక. ఈ ఇంజిన్‌కి ముందువైపు బెల్టు లేదు. ఆల్టర్నేటర్‌ పోయింది, ఏసీ కంప్రెసర్‌ కరెంటుతో నడుస్తుంది. దానివల్ల ఇంజిన్‌ ఎత్తు 110 మిల్లీమీటర్లు తగ్గింది, ఆ ఖాళీలో ఇన్వర్టర్‌, డీసీ కన్వర్టర్‌ (బ్యాటరీ కరెంటుని కావాల్సిన రూపంలోకి మార్చే పరికరాలు) కూర్చోబెట్టారు. తెలివైన పనే. కానీ అవి ఇంజిన్‌ నెత్తిన ఉన్నాయి, వాటికి 400 వోల్టుల లైను వస్తుంది. నారింజ రంగు కేబుళ్లు కనిపించినచోట చెయ్యి పెట్టొద్దు. శిక్షణ పొందినవాళ్లు కూడా ముందు కారు ఆపి, సర్వీస్‌ డిస్‌కనెక్ట్‌ తీసి, దాన్ని ఎవరూ తిరిగి పెట్టకుండా తాళం వేసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగుతారు. ఆపైన 1,000 వోల్టులకి పనికొచ్చే మీటర్‌తో సున్నా చూశాకే స్పానర్‌ పడతారు. ఈ వరసలో ఒక్కటి దాటేసినా ప్రాణం మీదికి వస్తుంది. పదేళ్ల తర్వాత ఈ కారుని సొంతంగా బాగుచేసుకోవడం పాత 911లా ఉండదు. హైబ్రిడ్‌ మీద నా ఫిర్యాదు ఇదొక్కటే, ఇది చిన్నదేం కాదు.

ఫ్లాట్‌సిక్స్‌

రెంచి గారి మాటకి నా ఓటు. టర్బో మోటారు లేకుండా ఈ ఇంజిన్‌ లేదన్న టర్బైన్‌ గారి వాదన ఒప్పుకుంటాను. గేర్‌బాక్సులోని మోటారు మాటేమిటి మరి? అది లేకపోయినా టర్బోకి చిన్న బ్యాటరీ సరిపోయేది, మాన్యువల్‌ కూడా మిగిలేది.

టర్బైన్‌

ఇది అసలైన ప్రశ్న. ఆల్టర్నేటర్‌ లేని ఇంజిన్‌లో నిలకడగా కరెంటు పుట్టించే పెద్ద యంత్రం ఆ మోటారే. అది లేకపోతే టర్బో తినే కరెంటుని టర్బోయే సంపాదించుకోవాలి, ఇరుకు రోడ్డు మీద తక్కువ ఆర్‌పీఎంలో అది కుదరదు. మళ్లీ బెల్టు, ఆల్టర్నేటర్‌ వస్తాయి, ఇంజిన్‌ ఎత్తు పెరుగుతుంది. ఐనా మాన్యువల్‌ కోసం ఆ బేరం ఒప్పుకునేవాళ్లు ఉంటారు, అది ఇష్టాయిష్టాల విషయం.

బరువు పరంగా పోర్షా హద్దులో ఉందనే నా అభిప్రాయం. బ్యాటరీ 27 కిలోలే, ప్లగ్‌ లేదు, కరెంటు మీద మాత్రమే నడిచే సదుపాయమూ లేదు. బీఎండబ్ల్యూ కొత్త ఎం5 చూడండి, 18.6 కిలోవాట్‌అవర్ల బ్యాటరీతో 2,435 కిలోలు తూగుతోంది. అది సెడాన్‌, పోలిక పూర్తిగా సరిపోదు, కానీ హైబ్రిడ్‌ అనగానే బరువు ఎటు పోతుందో తెలుస్తుంది.

లెక్కలమాస్టారు

టన్నుకి 311 పీఎస్‌ ఉండేది, ఇప్పుడు 339. బరువు పెరిగినా నిష్పత్తి మెరుగైంది. కానీ 2025లో వచ్చిన టర్బో ఎస్‌లో ఇదే పద్ధతికి రెండు కరెంటు టర్బోలు పెట్టి 711 పీఎస్‌ తీశారు, బరువు మాత్రం 85 కిలోలు పెరిగి 1,725కి చేరింది. ఈ దారి అక్కడే ఆగుతుందని నాకు నమ్మకం లేదు.

మూడోపెడల్‌

నడిపి చూడాలనుకునేవాళ్లు తేడా ఎలా పసిగట్టాలి? టెస్ట్‌ డ్రైవ్‌లో లాంచ్‌ కంట్రోల్‌ (నిలబడ్డ చోటునుంచి గరిష్ఠ వేగంతో దూకించే ఏర్పాటు) ఒకసారి కొట్టి దిగిపోతే ఏం తెలుస్తుంది?

టర్బైన్‌

ఏమీ తెలియదు, లాంచ్‌లో పాత కారు కూడా ముందే బూస్ట్‌ నింపుకుని నిలబడుతుంది. ఖాళీగా, మూసి ఉన్న ట్రాక్‌ మీద పీడీకేని మాన్యువల్‌లో పెట్టండి. నాలుగో గేరు, 2,000 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టుకోండి. కిక్‌డౌన్‌ స్విచ్‌ తగలకుండా, దాని ముందుదాకా ఒక్కసారిగా నొక్కండి, లేకపోతే గేరు దిగిపోయి పరీక్ష చెడుతుంది. పెడల్‌ కదిలిన క్షణం నుంచి త్వరణం తన గరిష్ఠంలో 90 శాతానికి చేరేదాకా ఎంత పట్టిందో లాగర్‌లో చూడండి. పాతదాంట్లో గీత రెండు మెట్లుగా ఎక్కుతుంది: ముందు ఇంజిన్‌ సొంత బలం, తర్వాత బూస్ట్‌. కొత్తదాంట్లో ఆ మధ్య మెట్టు దాదాపు ఉండదు. రోడ్డు వాలు లెక్కలోంచి పోవడానికి రెండు దిక్కుల్లోనూ చేయండి. తర్వాత కొన్ని గట్టి లాప్‌లు వేసి, వెంటనే ఇదే పరీక్ష మళ్లీ చేయండి. బ్యాటరీ తగ్గినప్పుడు కూడా ఆ గీత అలాగే నిలిస్తే ఫ్లాట్‌సిక్స్‌ గారి అనుమానం తీరుతుంది, కుంగితే ఆయనదే పైచేయి.