అప్‌డేట్: నలుగురం ఆ చిన్న విమానంలో పడతామా అని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే. అమెరికాలో ఉన్న మా ప్రొద్దుటూరు స్నేహితుడు సెస్నా 182 అనే నాలుగు సీట్ల చిన్న విమానంలో ఐడహో కొండల్లోకి క్యాంపింగ్‌కి తీసుకుపోతానంటే, టెంట్లతో సహా నలుగురం పడతామా అని. పోయొచ్చినాం. పడలేదు.

ముందురోజు వాడు తూకం మిషన్ తెచ్చి ఒక్కొక్కరినీ బ్యాగుతో సహా ఎక్కించినాడు. "దాచొద్దురా, ఇవి పెళ్లిచూపులు కాదు" అన్నాడు. నేను 94 కిలోలు. మా అమ్మ కట్టిచ్చిన నిప్పట్ల డబ్బానే 3 కిలోలు. పెట్రోలు లీటరుకు ముప్పావు కిలో దాకా తూగుతుందంట, అదీ లెక్కే. సీట్లు నాలుగున్నంత మాత్రాన నలుగురు ఎక్కొచ్చని కాదు. అందుకే ఐడహోలోని మెకాల్ అనే ఊరి నుంచి రెండు ట్రిప్పులు వేసినాడు.

అదీ తెల్లారుజామునే. ఎండెక్కితే గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు, ఇంజనుకు బలం రెండూ తగ్గుతాయి. మేం దిగిన జాన్సన్ క్రీక్ 1,500 మీటర్ల ఎత్తులో ఉంది, మన కడపకు పది రెట్లు పైనే. రన్‌వే అంటే కిలోమీటరు పొడుగు పచ్చిగడ్డి, అటూ ఇటూ కొండలు. చక్రాలు గడ్డిని తాకగానే దున్నిన చేలో ట్రాక్టరెక్కినట్టే ఉండింది. ఆగినాక రెక్కలకు తాళ్లేసి ఎద్దును కట్టేసినట్టు నేలకు కట్టేసినాడు.

నిప్పట్లు మొదటి ట్రిప్పులోనే పోయినాయి. రెండో ట్రిప్పులో నేను దిగేసరికి డబ్బా అడుగున నాలుగు ముక్కలు.