రిపేరు కేంద్రానికి ఐదు లక్షలిస్తామంటున్నారు, అధ్యక్ష పదవి అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

రాజమండ్రి టీచరమ్మ:

అందరికీ నమస్కారమండి. నేను రిటైరైన లెక్కల టీచర్ని. మా పేటలో కొందరం కలిసి ప్రతి నెలా మొదటి ఆదివారం కల్యాణ మండపం వరండాలో రిపేరు కేంద్రం నడుపుతున్నాం. మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, గ్రైండర్లు, కుట్టుమిషన్లు ఏవి తెచ్చినా బాగుచేసి పంపుతాం. కూలి అడగం. స్పేర్ పార్టు ఖరీదు ఇవ్వగలిగినవాళ్ళు డబ్బాలో వేస్తారు, లేనివాళ్ళకి అందులోంచే సర్దుతాం. ఇళ్ళలో మూలపడేసిన సైకిళ్ళు తెచ్చి, ట్యూబులు మార్చి, బ్రేకులు బిగించి హైస్కూలు పిల్లలకిస్తాం.

ఇదంతా ఒక మెకానిక్ చేతిమీద నడుస్తోంది. మొన్న ఒకావిడ పాత చీరలో మూటగట్టి మిక్సీ తెచ్చింది. ఇంటిముందు బండి పెట్టి టిఫిన్లు అమ్ముకుంటుంది. మోటారు తిరుగుతోంది, జార్ తిరగట్లేదు. అతను మిక్సీ మీద జార్‌ని తిప్పే పళ్ళ బిళ్ళ, అదే కప్లర్, చూపించి, "పళ్ళు అరిగిపోయాయమ్మా, అంతే" అన్నాడు. తను విప్పకుండా ఆవిడ చేతే విప్పించాడు. అడుగున షాఫ్ట్ కదలకుండా స్క్రూడ్రైవర్‌తో పట్టుకోమని, పైన కప్లర్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పమన్నాడు. మామూలు స్క్రూ మరకి ఇది తిరగేసి ఉంటుందట. నలభై రూపాయల ముక్కతో మిక్సీ తిరిగింది. ఈసారి అరిగితే ఆవిడే మార్చుకుంటుంది. నాకు ఈ పని ఎందుకంత ముఖ్యమో ఇంతకన్నా చెప్పలేను.

ఇప్పుడు సమస్య. ఊళ్ళో ఒక వ్యాపారి ఐదు లక్షలిస్తామన్నారు. ఆయన ఎప్పటికీ అధ్యక్షుడిగా ఉండాలట, చెక్కుల మీద ఆయన సంతకం ఒక్కటే ఉండాలట. స్పేర్ పార్టులు కూడా ఆయన షాపులోనే కొనాలట. మాలో కొందరికి ఆశగా ఉంది. నాకు రాత్రుళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. మాకు రిజిస్ట్రేషన్ లేదు, డబ్బంతా ఒక సభ్యుడి సొంత ఖాతాలో ఉంది. ఆయన నిజాయితీపరుడే, కానీ రేపు ఆయనకేమైనా అయితే? డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు రెండు వేల డాలర్లు పంపుతానంటున్నాడు. అది తీసుకోవచ్చా? ఆదివారం బేరం వదులుకుని వస్తున్న మెకానిక్‌కి జీతమివ్వచ్చా, కమిటీలో కూర్చోబెట్టచ్చా?

గుంటూరు ఆడిటర్:

అమ్మా, ముందు ఆ ఖాతా సంగతి తేల్చండి. ఇంకొకరి సొంత ఖాతాలో సంస్థ డబ్బు ఉన్నంతకాలం బ్యాంకు లెక్కలో అది ఆయన డబ్బే. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం 2001 కింద ఏడుగురు ఉంటే సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. మీ స్థాయికి అది చాలు, సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ) దాకా వెళ్ళక్కర్లేదు. తర్వాత సొసైటీ పేరున పాన్, బ్యాంకు ఖాతా. ముగ్గురిలో ఏ ఇద్దరు సంతకం పెట్టినా చెల్లేలా తీర్మానం రాసుకోండి. ఒక్కరి సంతకానికి మాత్రం ఒప్పుకోకండి, ఆ ఒక్కరు మీరైనా సరే.

సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు కావాలంటే 12ఏ, విరాళమిచ్చినవారికి పన్ను రాయితీ రావాలంటే 80జీ రిజిస్ట్రేషన్ కావాలి. మొదట మూడేళ్ళకు తాత్కాలికంగా ఇస్తారు. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, దరఖాస్తుకు ముందు మీ ఊళ్ళో ఆడిటర్ని కలవండి. రెండు వేలకు మించి నగదుగా ఇస్తే దాతకు 80జీ రాయితీ రాదు. కంపెనీలు సామాజిక సేవకిచ్చే సీఎస్‌ఆర్ డబ్బు మీద ఇప్పుడే ఆశ పెట్టుకోకండి, దానికి మూడేళ్ళ పని చూపించాలి.

వ్యాపారిగారి షాపు షరతు అన్నిటికన్నా ప్రమాదం. పెద్ద దాతకో, కార్యవర్గ సభ్యులకో, వాళ్ళ బంధువులకో సంస్థ డబ్బుతో అనుచితంగా లాభం చేకూరిస్తే పన్ను మినహాయింపుకే ఎసరొస్తుంది. మెకానిక్ విషయం వేరు. చేసిన పనికి న్యాయమైన కూలి ఇవ్వడం తప్పు కాదు, కమిటీలో ఉన్నా ఇవ్వచ్చు. రేటు తీర్మానంలో రాయండి, ఓచర్ మీద సంతకం తీసుకోండి.

డాలస్ డబ్బు దగ్గర జాగ్రత్త. మీ తమ్ముడి దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డున్నా అంతే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా ఒక్క డాలరు ముట్టకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కి సంస్థ వయసు మూడేళ్ళుండాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు అసలు పని మీద ఖర్చుపెట్టి ఉండాలి. మీ ఖాతాకి తెప్పించుకుని మీ పేరున ఇచ్చే ఆలోచన కూడా వద్దు.

బెంగళూరులో కోనసీమ:

టీచర్ గారూ, ఇక్కడ 2015 నుంచి రిపేర్ కెఫేలు, అంటే మీలాంటి కేంద్రాలే, జరుగుతున్నాయి, నేనూ టంకం పెట్టడానికి వెళ్తుంటాను. ఈ పద్ధతికి మూలం 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్ట్‌మా అనే ఆవిడ మొదలుపెట్టిన కేంద్రం. మరుసటి ఏడాదే దానికో ఫౌండేషన్ పెట్టారు. వాళ్ళూ రిపేరుకి రేటు పెట్టరు, తోచింది డబ్బాలో వేయమంటారు. వస్తువు తెచ్చినవాళ్ళు పక్కనే కూర్చుని పని నేర్చుకోవాలి. మీ మెకానిక్ గారు చేసింది అచ్చంగా అదే.

నా మాట ఒకటే. ఇంత చిన్న పనికి ఐదు లక్షలు ఒక్కసారిగా ఎందుకు? పనిముట్లు, మల్టీమీటరు, స్పేర్లు, మెకానిక్ కూలి కలిపి ఏడాదికెంతవుతుందో లెక్కేయండి. మీ పేటలో నెలకు రెండొందలిచ్చే ఇళ్ళు యాభై దొరికితే ఏడాదికి లక్షా ఇరవై వేలు. యాభై మందిలో ఒకరు అలిగి మానేసినా కేంద్రం ఆగదు.

రెడింగ్ నుంచి, ఇంగ్లండ్:

నమస్తే టీచర్ గారూ. ఇక్కడ పాత ఫర్నిచర్‌ని మళ్ళీ వాడకంలోకి తెచ్చే ఒక చారిటీలో ట్రస్టీగా, అంటే దాన్ని నడిపే కమిటీలో, ఉన్నాను. ట్రస్టీలకు మామూలుగా జీతముండదు. ప్రతి మీటింగ్ మొదట్లో "ఇవాళ్టి అంశాల్లో ఎవరికైనా సొంత లాభం ఉందా?" అని అడుగుతారు. ఉంటే చెప్పి, ఆ చర్చ అయ్యేదాకా బయటికెళ్ళాలి. మీ మెకానిక్ గారి కూలి నిర్ణయించేటప్పుడు ఇదే చేయండి, ఆయన కమిటీలో ఉన్నా ఎవరూ వేలెత్తి చూపలేరు. చేతిలో ఎంత నిల్వ ఉంచుకుంటున్నాం, ఎందుకు అన్నది కూడా ఏటా నివేదికలో రాస్తాం. కొన్ని నెలల ఖర్చు చేతిలో ఉంటే ఏ దాత షరతుకూ కంగారుపడక్కర్లేదు.

పదవికి గడువు పెట్టుకోండి. మూడేళ్ళు, మళ్ళీ ఎన్నికైతే ఇంకో మూడేళ్ళు, ఆపైన దిగిపోవాలి. ఇది దాతకే కాదండి, మీకూ వర్తించాలి.

రాజమండ్రి టీచరమ్మ:

అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ ప్రింటు తీసి నిన్న సాయంత్రం కూర్చున్నాం. గడువు నియమం నాకూ వర్తిస్తుందని రాసేశాం. వ్యాపారిగారి దగ్గరకి ఇద్దరం వెళ్ళాం. సభ్యత్వం తీసుకోండి, ఎన్నికల్లో నిలబడండి, డబ్బు షరతు లేకుండా ఇవ్వండి, ఏటా లెక్కలు మీ చేతికిస్తాం అని చెప్పాం. ఆలోచించి చెప్తానన్నారు. కాదంటే కాదండి, ఈలోపు ఇంటింటికీ వెళ్ళి రెండొందల చందా అడగడం మొదలుపెట్టాం. డాలస్ తమ్ముడు రెండేళ్ళ కిందటే అమెరికా పౌరుడయ్యాడట, వద్దని చెప్పేశాను.

ఆడిటర్ గారూ, ఇంకొక్కటి. బాగుపడని మిక్సీలు, పాత టీవీలు మండపం వెనక గుట్ట పడ్డాయి. తూకానికి అమ్మి ఆ డబ్బు ఖాతాలో వేసుకోవచ్చా?

గుంటూరు ఆడిటర్:

పాత ఇనుములవాడికి వేయకండమ్మా. 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఈ-వేస్ట్ (పాడైన ఎలక్ట్రిక్, ఎలక్ట్రానిక్ సామాన్ల) నియమాలు అమల్లో ఉన్నాయి, రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే ఇవ్వాలి. రసీదు తీసుకుని ఫైల్లో పెట్టండి, వచ్చిన డబ్బు చెక్కుగా సొసైటీ పేరునే రావాలి. ఖాతా తెరిచేదాకా ఆ గుట్టని అలాగే ఉంచండి, వానకి తడవకుండా టార్పాలిన్ కప్పించండి.