గ్రాఫ్లెక్స్ పిడి నకలు ఎవరిది కొనాలి: ఇత్తడా, అల్యూమినియమా, త్రీడీ ప్రింటా?

కొత్తవాడు_రాజోలు:
పెద్దలకి నమస్కారం అండీ. 'స్టార్ వార్స్' మొదటి సినిమాలో (1977) హీరో ల్యూక్ చేతిలో ఉండే లైట్‌సేబర్ (వెలుగు కత్తి) పిడికి నకలు ఒకటి తీసుకోవాలి. పని రెండు రకాలు. ఏడాదిలో ఎక్కువ రోజులు గాజు బీరువాలో ఉంటుంది. మధ్యమధ్యలో పిల్లల ముందు వెలిగించి చూపించాలి. బీరువా ఉండేది అంతర్వేది వైపు, ఉప్పుగాలి తగిలే చోట. మార్కెట్లో మూడు రకాలు కనిపిస్తున్నాయి: క్రోమ్ పూత వేసిన ఇత్తడి గొట్టం (లోపల ఏమీ ఉండదు), పిక్సెల్ బ్లేడుతో (లోపల ఎల్‌ఈడీ దీపాల వరసలుండే బ్లేడు) వచ్చే అల్యూమినియం పిడి, ఫైలు దించుకుని ఇక్కడే తీయించుకునే త్రీడీ ప్రింటు. మూడింటి ధరలకీ పొంతన లేదు. అన్నిటి కిందా "అచ్చు అసలులాగే" అని రాసి ఉంది. ఏది నమ్మాలి?

ఇత్తడి_పక్షం (రాజమండ్రి):
"అచ్చు అసలు" అనే ముందు అసలేంటో చూడాలి. అది ఆయుధంగా పుట్టిన వస్తువు కాదు. గ్రాఫ్లెక్స్ అనే అమెరికన్ కంపెనీ ప్రెస్ కెమెరాలకి అమ్మిన ఫ్లాష్ పిడి. లోపల మూడు పెద్ద టార్చి బ్యాటరీలు పట్టే బోలు గొట్టం, ఇత్తడి మీద తళతళలాడే పూత. సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ లండన్‌లో ఫొటో సామాన్ల కొట్లో దాన్ని పట్టుకుని, కింది సగం చుట్టూ 'టి' ఆకారపు నల్ల పట్టీలు అతికించి, గొట్టం రెండు సగాలనీ బిగించే క్లాంపులో ఎక్సాక్ట్రా కాలిక్యులేటర్ తెర మీదుండే బుడగల భూతద్దం పట్టీ దూర్చాడు. కథ అంతే. కాబట్టి ఇత్తడి గొట్టం నకలే అసలుకి దగ్గర. మిగతావి బొమ్మలు.

చూడాల్సిన చోట్లు చెబుతాను. మొదట క్లాంపు. అసలుదాంట్లో మీట లేపితే క్లాంపు నిజంగా వదులవుతుంది. చవక నకళ్ళలో మీట గొట్టంతో కలిపి పోత పోసేస్తారు, గోరు పెట్టి లేపినా కదలదు. తర్వాత క్లాంపులో ఏముందో చూడండి. బుడగల పట్టీ ఉంటే 1977 సినిమాది. బంగారు రంగు గీతలున్న సర్క్యూట్ కార్డు ముక్క ఉంటే అది 1980లో వచ్చిన రెండో సినిమాది. మొదటి సినిమా పేరు పెట్టి రెండో సినిమా కార్డు పెట్టినవి కుప్పలు. పట్టీల మీద రివెట్లు కనిపించినా అది రెండో సినిమా బాపతే. తయారీదారు ఈ రెండూ కలిపేశాడంటే మిగతా కొలతలు కూడా ఫొటో చూసి ఊహించినవే అనుకోవచ్చు.

పిక్సెల్_భీమవరం:
గురువుగారూ, బోలు గొట్టం పిల్లల చేతికిస్తే "టార్చి లైటా అండీ?" అనే అడుగుతారు. అడిగినాయన వెలిగించాలని రాశారు. బీరువాకే అయితే ఇత్తడికి నేనూ ఓటేస్తాను. రెండూ కావాలన్నప్పుడు పిక్సెల్ తప్ప దారి లేదు.

కాకపోతే పిక్సెల్‌లో తయారీదారుకీ తయారీదారుకీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. బ్లేడు లోపల ఉండేవి డబ్ల్యూఎస్2812బి ఎల్‌ఈడీ పట్టీలు, మీటరుకి 144. 36 అంగుళాల బ్లేడంటే పట్టీకి సుమారు 130, వీపులు ఆనించి రెండు పట్టీలు, మొత్తం 260. 5 వోల్టుల మీద పూర్తి తెలుపులో ఒక్కో ఎల్‌ఈడీ 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే కాగితం మీద 15 ఆంపియర్లు దాటింది. పిడిలో ఉండేది ఒక్క 18650 (రీచార్జ్ చేసే లిథియం) సెల్లు, 3.7 వోల్టులు. అందుకని నిజంగా అంత లాగదు గానీ, సెల్లు కనీసం 10 నుంచి 15 ఆంపియర్లు ఇవ్వగలిగింది కాకపోతే రెండు తిప్పలు వస్తాయి. మొదటిది, మొన దగ్గర తెలుపు నారింజ రంగులోకి దిగుతుంది. నీలం, ఆకుపచ్చ ఎల్‌ఈడీలకి ఎరుపు కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి; పట్టీలోని పల్చటి రాగి మీద వోల్టేజీ పడిపోతూ వెళ్ళి చివరికి వాటికి చాలదు. రెండోది, రక్షణ సర్క్యూటు ఉన్న మామూలు సెల్లు వేస్తే బటన్ నొక్కగానే వెలిగి టప్పున ఆరిపోతుంది. బ్లేడుని నడిపే బోర్డు పోయిందనుకుని వెనక్కి పంపేవాళ్ళున్నారు. పోయింది బోర్డు కాదు, ఒక్కసారిగా లాగిన కరెంటుకి సెల్లే కట్ చేసుకుంది.

అమ్మేవాణ్ణి అడగాల్సింది ఇంకోటుంది. ఈ పట్టీలు అర మీటరు ముక్కలుగా తయారై మధ్యలో టంకంతో అతుకుతాయి. 36 అంగుళాల బ్లేడులో ఆ అతుకు దాదాపు నడిమధ్యన పడుతుంది. రెండు బ్లేడులు కొట్టుకుంటే మొదట విడేది అదే. సిగ్నల్ ఒక ఎల్‌ఈడీ నుంచి పక్కదానికి గొలుసులా వెళ్తుంది కాబట్టి అతుకు విడితే అక్కణ్ణుంచి మొన దాకా ఆ పట్టీ చీకటే. ఒకవైపు నుంచి చూస్తే బ్లేడు సగమే వెలుగుతుంది, తిప్పి చూస్తే నిండుగా ఉంటుంది. అతుకు మీద తీగె ముక్క వేసి మళ్ళీ టంకం పెట్టించారా, పట్టీల చుట్టూ ఫోము చుట్టారా అని అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి.

ఇత్తడి_పక్షం:
అసలు సినిమాలో పిడి వెలగనే లేదు కదండీ. ఆ మొదటి సినిమా కత్తియుద్ధంలో కర్ర కడ్డీలకి వెలుతురుని వచ్చిన దారినే తిప్పికొట్టే స్కాచ్‌లైట్ పూత అంటించి, మోటారుతో తిప్పారు. మెరుపు తర్వాత ఫిల్ము మీద గీసి కలిపారు. వెలిగే బ్లేడుకి "అసలు" అంటూ ఒకటుంటే కదా నకలు తీయడానికి! పిక్సెల్‌వాళ్ళు నకలు తీస్తున్నది వస్తువుని కాదు, తెర మీద బొమ్మని.

పిక్సెల్_భీమవరం:
ఒప్పుకుంటాను. చూసే పిల్లలకి గుర్తున్నది కూడా తెర మీద బొమ్మే మరి.

లేత్_నరసాపురం:
మీ ఇద్దరి గొడవ బావుంది గానీ ఉప్పుగాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. కొనేముందు తేల్చుకోవలసింది అది.

ఇత్తడి మీద పూత గట్టిగా ఉన్నంత కాలం పర్లేదు. గుండుసూది మొనంత చిల్లున్నా, లోపలికి ఉప్పుతేమ వెళ్ళి పచ్చటి చిలుము చుక్క పైకొస్తుంది. అది తుడిస్తే పోయేది కాదు, చుట్టూ పూత పొక్కుతుంది. ఎక్కువగా కన్నాల అంచుల్లో, బటన్ చుట్టూ మొదలవుతుంది, పూత పల్చగా పట్టేది అక్కడే. పార్సిల్ రాగానే ఎండలో భూతద్దంతో ఆ అంచులు చూడండి. అల్యూమినియానికి చిలుము బాధ లేదు గానీ, ఆనోడైజ్ (కరెంటుతో పైన గట్టి ఆక్సైడ్ పొర కట్టించడం) చెయ్యకుండా పాలిష్ మాత్రమే పెట్టినదైతే మన దగ్గర తెల్లటి పొడి పడుతుంది. మామూలు ఇనప స్క్రూలు బిగించి పంపితే స్క్రూ చుట్టూ ఇంకా తొందరగా తినేస్తుంది. వచ్చిన స్క్రూలు తీసేసి స్టెయిన్‌లెస్ వేసి, మరలకి చుక్క గ్రీజు రాయండి.

ఇంకో దారి: ఇక్కడే తిప్పించుకోవడం. రొయ్యల చెరువుల ఏరియేటర్లకి షాఫ్టులు తిప్పే లేత్‌లకి ఇది పెద్ద పని కాదు. 6061 అల్యూమినియం 40 మి.మీ. కడ్డీ తీసుకుని బయట సుమారు 38కి దించాలి. బ్లేడు వెలుపలి కొలత ఒక అంగుళం, అంటే 25.4 మి.మీ.; పైభాగం బోరు 25.6, కనీసం 50 మి.మీ. లోతు. సరిగ్గా 25.4 పెట్టించుకుంటే బ్లేడు మే నెలలో ఇరుక్కుపోయి రాదు. కింది బోరు సెల్లు చట్రాన్ని బట్టి. చిక్కంతా పొడుగు బోరులో వస్తుంది: బోరింగ్ బార్ సన్నగా ఉంటే కీచుమని అరిచి లోపల అలలు పడతాయి. అందుకని ఒకే గొట్టంగా కాకుండా క్లాంపు కింద రెండు ముక్కలు చేసి మర వేయించండి, అతుకు క్లాంపు చాటున దాగిపోతుంది. బ్లేడు పట్టే స్క్రూ ఎం4 గ్రబ్ (తల లేని స్క్రూ), 2 మి.మీ. అలెన్ కీ పడుతుంది.

పెన్నుల_వీధి (రాజమండ్రి):
నల్ల పట్టీలకి ఎబొనైట్ (గట్టి నల్ల రబ్బరు) వాడితే ఎలా ఉంటుంది? మన ఊళ్ళో రత్నం పెన్నుల కాలం నుంచీ ఎబొనైట్ కడ్డీని చేత్తో తిప్పిన పనివాళ్ళున్నారు. ప్లాస్టిక్ పట్టీల కన్నా చేతికి ఎంతో హాయిగా ఉంటుంది.

లేత్_నరసాపురం:
చేతికి హాయే. బీరువాకి మాత్రం వద్దు. ఎబొనైట్‌లో గంధకం ఉంటుంది, మూసిన గాజులో ఇత్తడి దాని పక్కనే ఉంటే నల్లబడుతుంది. వెలుతురూ తేమా తగిలితే ఎబొనైటే ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులోకి తిరుగుతుంది. పైగా కడ్డీ తిప్పేవాళ్ళకి 'టి' ఆకారం పట్టీ వేరే పని.

ప్రింటు_కాకినాడ:
త్రీడీ ప్రింటుని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేనే రాస్తున్నా. ఆకారం వరకూ మంచి ఫైలైతే ఇత్తడి నకళ్ళకి తీసిపోదు. సమస్యంతా దేంతో తీస్తున్నారన్నది. పీఎల్‌ఏ అనే ప్రింటు ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో ఆపిన కారు లోపల అరటిపండులా వంగుతుంది. ఏబీఎస్ 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, కనీసం పీఈటీజీ వాడండి. వానాకాలంలో ఫిలమెంట్ (ప్రింటరులోకి వెళ్ళే ప్లాస్టిక్ తీగె) చుట్ట బయట వదిలేస్తే తేమ తాగి నాజిల్లో చిటపటలాడుతుంది, పైన దారాలు దారాలుగా వస్తుంది. పీఈటీజీ అయితే 65 డిగ్రీల్లో ఓ ఆరు గంటలు ఆరబెట్టి ఎక్కించాలి.

అసలు శ్రమ మెరుపు తెప్పించడంలో ఉంది. 120, 240, 400, 800 నంబర్ల గరుకు కాగితాలతో వరసగా రుద్ది, మధ్యలో ఫిల్లర్ ప్రైమర్ కొట్టి, మీద మెరిసే నల్ల పెయింటు అద్దంలా రావాలి. క్రోమ్ దాని మీదే. నలుపులో గీత ఉంటే క్రోమ్‌లో రెండింతలు కనిపిస్తుంది. ముసురు పట్టిన రోజు స్ప్రే కొడితే లాకర్ పాలు పోసినట్టు తెల్లబడిపోతుంది: థిన్నరు ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరిస్తే గాలిలో తేమ దాని మీద కూర్చుంటుంది. రెండు రోజులు ఆగి తెరిపివ్వగానే కొట్టుకోండి. క్రోమ్ మీద క్లియర్ కోటు వేస్తే మాత్రం మెరుపు చచ్చి వెండి రంగు మిగులుతుంది, వెయ్యకపోతే వేలిముద్రలకే పోతుంది. ప్రింటుతో నేను తేల్చలేకపోయింది ఇదొక్కటే.

ఇత్తడి_పక్షం:
అందుకే లోహం అంటున్నాను. ఇంకో మాట, పాత నిజమైన గ్రాఫ్లెక్స్ ఫ్లాష్ ఎక్కడైనా దొరికితే మాత్రం కొని కోయకండి. సినిమా పుణ్యమా అని పాత కెమెరాల సేకర్తలకి అవి అందకుండా పోతున్నాయి.

కొత్తవాడు_రాజోలు:
ఆయ్, చాలా తెలిసింది. ఒకే పిడిలో రెండూ కుదరవా? ఇత్తడి గొట్టం కొని లోపల పిక్సెల్ చట్రం పెట్టుకుంటే?

పిక్సెల్_భీమవరం:
కుదురుతుంది, కొందరు తయారీదారులు అందుకే విప్పే చట్రం అమ్ముతారు. చూడాల్సింది ఒకటే. ఇత్తడి గొట్టం గోడ మిల్లీమీటరు మందమే ఉంటే ఎం4 మరకి ఒకటిన్నర చుట్టు కూడా దొరకదు, నాలుగుసార్లు బిగిస్తే ఒరిసిపోతుంది. బ్లేడు స్క్రూ గొట్టానికి కాకుండా లోపలి అల్యూమినియం పట్టుకి దిగేలా ఉన్నదే కొనండి. స్క్రూ మొన నైలాన్‌ది అయితే పాలీకార్బొనేట్ బ్లేడుకి గుంట పడదు. స్క్రూ వదులవుతోందని మర బిగించే జిగురు పొయ్యకండి, అది తగిలితే పాలీకార్బొనేట్ సన్న సన్న గీతలుగా చిట్లుతుంది. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవమూ అంతే.

బ్లేడు అడుగున స్ప్రింగు పిన్నులకి బంగారు పూత పల్చన. ఉప్పుకి మబ్బేస్తే బ్లేడు మినుకుమినుకుమంటుంది. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి, గరుకు కాగితం పెడితే ఉన్న పూతా పోతుంది.

లేత్_నరసాపురం:
బీరువాలో ఉన్నన్నాళ్ళూ సెల్లు బయటే ఉంచండి. ఇత్తడికి పల్చగా మైనం పట్టించి, మూల ఓ వంద గ్రాముల సిలికా జెల్ పెట్టండి. నారింజ రంగు గింజలు ఆకుపచ్చకి తిరిగితే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేయించి మళ్ళీ పెట్టుకోవచ్చు. బీరువా తలుపు సందులకి రబ్బరు పట్టీ ఉందా లేదా? అది లేకపోతే గింజలు వారానికే ఆకుపచ్చ అయిపోతాయి.

కొత్తవాడు_రాజోలు:
లేదండీ. ముందు అది వేయిస్తాను.