నిర్గమకాండము 21:6లో "నిరంతరము" అంటే ఎంతకాలం?

ప్రశ్న:
అందరికీ వందనాలు. నిన్న సండే స్కూల్లో నిర్గమకాండము 21 చెబుతున్నాను. యజమానిని విడిచి వెళ్లనన్న దాసుడి చెవిని తలుపు దగ్గర కదురుతో గుచ్చితే వాడు "నిరంతరము" దాసుడై ఉంటాడని ఉంది కదా. ఒక బాబు లేచి, "చచ్చిపోయాక కూడానా టీచర్?" అన్నాడు. వచ్చే ఆదివారం చెబుతానన్నాను. హీబ్రూలో ఏ మాట ఉందో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
బ్రతికినంతకాలం అని చెప్పండి అక్కా, సరిపోతుంది.

జవాబు:
అర్థం అదే గానీ, ఎందుకో కూడా చెప్పండక్కా. మంచి ప్రశ్న వేశాడు, దాటవేయకూడదు. అక్కడున్న మాట 'ఓలామ్'. బైబిలు మూలభాషా పదాలకు నంబర్లిచ్చిన స్ట్రాంగ్స్ నిఘంటువులో దాని నంబరు 5769. కంటికి ఆనని దూరం అంటాం చూడండి, అలా కాలంలో అంచు కనబడనంత దూరం అన్నమాట. ముందుకైనా సరే, వెనక్కైనా సరే. ద్వితీయోపదేశకాండము 32:7లో "పూర్వదినములను జ్ఞాపకము చేసికొనుము" అన్నచోట ఉన్నదీ ఓలామే. అక్కడ "నిరంతరము" అని పెడితే వాక్యమే నిలవదు.

పిల్లలకైతే యోనా కథ తీయండి. 2:6లో భూమి గడియలు తన మీద ఓలామ్ వరకు పడ్డాయంటాడు. చేప కడుపులో ఉన్నది మూడు రోజులే! కానీ ఆ చీకట్లో ఉన్నవాడికి దానికి అంచు కనబడలేదు. నాకు ఈ మాట బోధపడింది ఆ వచనం దగ్గరే.

దాసుడి సంగతిలో యూదు బోధకులు ఇంకా తగ్గించి, 50వ యేట వచ్చే సునాద సంవత్సరం వరకే అన్నారు. లేవీయకాండము 25:10 ప్రకారం ఆ యేడు ఎవరి ఇంటికి వాళ్లు తిరిగి వెళ్లాలి కదా.

ప్రశ్న అడిగిన అక్క:
చాలా థాంక్స్ తమ్ముడూ. మరి దేవుడు నిత్యుడు అన్నచోట కూడా ఇదే మాట అయితే? ఆ బాబు తర్వాత అడిగేది అదే.

జవాబు:
అదే మాట అక్కా. ఆదికాండము 21:33లో అబ్రాహాము ప్రార్థన చేసింది 'ఏల్ ఓలామ్', అంటే నిత్యుడైన దేవుడు, అన్న పేరునే. ఎవరి గురించి అంటున్నారో దాన్నిబట్టి ఆ మాట కొలత మారుతుంది. దాసుడి ఆయుష్షుకు హద్దు ఉంది, దేవునికి లేదు. కీర్తన 90:2 చదివించండి: పర్వతాలు పుట్టకముందు నుంచీ, ఓలామ్ నుంచి ఓలామ్ వరకు. అటు అంచూ లేదు, ఇటు అంచూ లేదు.