చిన్న ఫర్నేసుల మీద పరిశోధన: ముందు దేన్ని పట్టుకోవాలి?

నమస్కారం. విశాఖ ఆటోనగర్‌లో ఒక చిన్న రోలింగ్ మిల్లు ఫర్నేసు చూసుకుంటాను. రోలర్ల మధ్య సాగదీయడానికి ముందు బిల్లెట్లను (ఉక్కు దిమ్మెలను) సుమారు 1200 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తాం. ఇంధనం ఫర్నేస్ ఆయిల్. పొగతో వృథాగా పోయే వేడిని రికుపరేటర్‌తో పట్టి బర్నర్ గాలిని వేడిచేస్తే ఆయిల్ ఆదా అవుతుంది. కానీ మంట ఉష్ణోగ్రత పెరిగి గాలిని కలుషితం చేసే నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువవుతాయి. నన్ను వేధిస్తున్న చిక్కు ఇదే. పొగలో కొంత భాగాన్ని తిరిగి మంటలోకి మళ్లించి దాని ఉష్ణోగ్రతను తగ్గించే బర్నర్లను ఇంత చిక్కటి ఆయిల్‌తో ఎవరైనా నడిపి చూశారా?

విశాఖ దగ్గరి పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది కాబట్టి ఆ ఇంధనం మీదే పనిచేయమని మిత్రులు అంటున్నారు. దాని మంట వేగంగా పాకుతుంది, బర్నర్‌లోకి వెనక్కి వచ్చే ప్రమాదమూ ఉంది. అవన్నీ తేల్చాల్సినవే. అయినా మావంటి మిల్లులకు ఇప్పుడే కావలసింది పొగలోని ఆక్సిజన్‌ను నిరంతరం కొలుస్తూ, మసిని తట్టుకునే చవకైన సెన్సర్ అని నా నమ్మకం. గాలి అవసరానికి మించితే వేడి పొగగొట్టం పాలు, తగ్గితే మసి.

ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నాను. బర్నరా, హైడ్రోజనా, సెన్సరా? ఫర్నేసుల దగ్గర పనిచేసినవారు కారణాలతో సహా చెప్పగలరా?