థీసిస్ లేటెక్‌లో రాయాలి, లోపల తెలుగు ఉదాహరణలు వందల్లో ఉన్నాయి

తార్నాక_విద్యార్థిని:
అందరికీ నమస్కారం. భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. థీసిస్ ఇంగ్లీషులోనే, కానీ ఉదాహరణలన్నీ తెలుగు. వర్డ్‌లో మూడు అధ్యాయాలు రాశాను. మధ్యలో ఒక ఉదాహరణ చేరిస్తే ఆ తర్వాత నంబర్లన్నీ చేత్తో మార్చుకోవాల్సి వస్తోంది. అందుకని, ఆదేశాలతో రాస్తే పేజీలు కూర్చి నంబర్లు తానే వేసే లేటెక్‌కి మారదామని, అది ఉండే టెక్ లైవ్ సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాను. ఇంగ్లీషు బాగానే వచ్చింది, తెలుగు రావడం లేదు. ఐదు నెలలే టైం ఉంది, టెన్షన్‌గా ఉంది.

నల్లకుంట_లెక్కల_సారు:
కంగారు పడకమ్మా. నువ్వు పీడీఎఫ్‌లేటెక్ అనే పాత ఇంజన్‌తో కంపైల్ చేస్తున్నట్టున్నావు, అంటే రాసిన ఫైలును దానితో పీడీఎఫ్‌గా మారుస్తున్నట్టున్నావు. ఒత్తులు, గుణింతాలు ఎలా కూర్చాలో చెప్పే నియమాలు ఫాంటులోనే ఉంటాయి. ఆ పాత ఇంజన్ వాటిని చదవదు. వాటిని చదివే ఇంజన్ జీలేటెక్ (XeLaTeX)కి మారు. ఫాంట్ల కోసం ఫాంట్‌స్పెక్, వేర్వేరు భాషల కోసం పాలీగ్లాసియా అనే ప్యాకేజీలు (అదనపు సౌకర్యాలు) ఫైలు మొదట్లో పిలిచి, నోటో సెరిఫ్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటు ఇవ్వు. ఫాంటు పేరుతో పాటు స్క్రిప్ట్ తెలుగు అని తప్పకుండా రాయాలి. నేను అది మర్చిపోతే 'రాష్ట్రం'లో ఒత్తులు విడివిడిగా పడ్డాయి. రెండు రోజులు ఫాంటుదే తప్పనుకున్నాను.

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ 1977లో తన పుస్తకం ప్రూఫుల్లో అక్షరాలు నచ్చకే టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రాం తయారుచేయడానికి పూనుకున్నారు. దాని మీద లెస్లీ లాంపోర్ట్ లేటెక్ కట్టారు. అచ్చు అందంగా ఉండాలన్న పట్టుదలతో పుట్టిన సాధనం ఇది, నేర్చుకున్న శ్రమ వృథా పోదు.

చిక్కడపల్లి_డీటీపీ:
ఒక్క మాట అమ్మా. ఆ ఉదాహరణల్లో అను ఫాంట్లలో టైప్ చేయించినవి ఉంటే నేరుగా పేస్ట్ చేయొద్దు. అది యూనికోడ్ కాదు, పిచ్చి గుర్తులొస్తాయి. ముందు కన్వర్టర్‌లో మార్చి, ప్రతి పేజీ కళ్ళతో చూసుకోండి. మార్పిడిలో ఒత్తులు తప్పిపోవడం మా షాపులో రోజూ చూస్తుంటాం.

మెహదీపట్నం_ఎంటెక్:
అక్కా, శాతం గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. లేకపోతే ఆ లైన్‌లో దాని తర్వాతున్నదంతా వ్యాఖ్య అనుకుని వదిలేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. నా రిపోర్టులో అలా సగం వాక్యం పోయింది, గైడ్ చూసేదాకా నాకు తెలియలేదు. ఇంకోటి, పది లైన్లకోసారి కంపైల్ చేయండి. అధ్యాయమంతా రాశాక చేస్తే మూయని బ్రాకెట్ ఎక్కడుందో వెతకడం నరకం.

తార్నాక_విద్యార్థిని:
సారూ, తెలుగు వచ్చేసింది! 'స్వాతంత్ర్యం' ఒత్తులతో సహా చక్కగా పడింది. ఉదాహరణలకు నంబర్లు వేసే జీబీ4ఈ (gb4e) ప్యాకేజీ వాడుతున్నాను. కానీ ఉదాహరణను ప్రస్తావించిన ప్రతిచోటా నంబరు బదులు రెండు ప్రశ్నార్థకాలు వస్తున్నాయి.

నల్లకుంట_లెక్కల_సారు:
ఇంకోసారి కంపైల్ చెయ్యి. మొదటిసారి నంబర్లు పక్క ఫైలులో రాసుకుంటుంది, రెండోసారి వాటిని చదివి పేజీలో వేస్తుంది. అప్పుడూ పోకపోతే లేబుల్, అంటే ఉదాహరణకు నువ్వు పెట్టిన పేరు, స్పెల్లింగ్ చూడు. జీబీ4ఈని మాత్రం మిగతా ప్యాకేజీలన్నిటి తర్వాత, చివర్లో పిలువు.

తార్నాక_విద్యార్థిని:
రెండోసారికి నంబర్లన్నీ వచ్చాయి సారూ. మధ్యలో కొత్త ఉదాహరణ చేర్చి చూశాను, కిందవన్నీ వాటంతటవే మారాయి. ఈ రాత్రే రెండో అధ్యాయం ఎక్కిస్తున్నాను.